రిజెక్ట్ చేసేవాడికి బొమ్మలు నేర్పడం

రిటైరైన మగవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. వాళ్లకి నేనంటే అసలే పడదు. అలాంటిది ఒక ఆదివారం పొద్దున్నే ఆరుగురు రిటైరైన మగవాళ్లని వరసగా కూర్చోబెట్టి, తలో పెన్సిలూ ఇచ్చి, ఎదురుగా స్టూలు మీద ఒక ఇత్తడి బిందె, దాని పక్కన రెండు వంకాయలు పెట్టి, "చూసి వెయ్యండి" అన్నాను. ఒకాయన లేచి బిందె దగ్గరికెళ్లి, జేబులోంచి టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన వంకాయకి నిలువునా మధ్యగీత గీసి, అటూ ఇటూ సమంగా వచ్చిందా లేదా అని వేలు పెట్టి చూసుకున్నాడు. మూడో ఆయన చెయ్యెత్తి, "ఫ్రంట్ వ్యూ ఒక్కటి చాలా, సైడ్ వ్యూ కూడా కావాలా?" అని అడిగాడు. వంకాయకి!

వీళ్లంతా ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి దిగినవాళ్లు. కూర్మన్నపాలెం కూడలికి కూతవేటు దూరంలో ఉన్న మా అపార్ట్‌మెంట్లో సగం ఫ్లాట్లు వీళ్లవే. నాది అద్దె కొంప. అద్దెవాడు సొంతదారులకి పాఠం చెప్పడమేమిటన్న ప్రశ్న ప్రతి ఆదివారం వాళ్ల మొహాల మీద రాసి ఉండేది. నేను రాతలు బాగా చదువుతాను, ఎందుకంటే బతికిందే వాటి మీద.

బోర్డులు రాసేవాణ్ణి. గాజువాకలో ఒక నాయకుడి బొమ్మ గోడంత వేస్తే, సముద్రపు ఉప్పుగాలికి ఆర్నెల్లలో మీసం పెచ్చులూడి రాలిపోయింది. మళ్లీ వేయిద్దామని ఆయన మనుషులు నా దగ్గరికి బయల్దేరేలోపు, ఆయనే మీసం తీయించుకుని గోడకి సరిపోయాడు. దువ్వాడలో ఒక కల్యాణమండపం గోడ మీద తెరిచిన తలుపు బొమ్మ వేశాను. పెళ్లికొడుకు మేనమామ అందులోంచి బయటికెళ్లబోయి నుదురు బొప్పి కట్టించుకున్నాడు. ఇంకో చుట్టం అయితే వెళ్లిపోయాడు కూడా, ఇంతవరకూ తిరిగి రాలేదు. నమ్మకపోతే వెళ్లి చూసుకోండి, గోడ ఇంకా అక్కడే ఉంది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. టీ తాగి వచ్చేలోపు మనిషంత బొమ్మ మిషన్లోంచి బయటికొచ్చి పడుతుంటే నా బ్రష్షుల మొహం ఎవడు చూస్తాడు? అప్పుడు పుట్టింది బొమ్మలు నేర్పాలన్న బుద్ధి. దువ్వాడలో ఒక బడికి వెళ్తే, పుస్తకంలో చిలకని చూసి పిల్లలందరిచేతా అదే చిలకని వేయించమన్నారు. వాళ్లు రోజూ చూసే కాకిని వేయిస్తానంటే, కాకికి మార్కులుండవన్నారు. మధురవాడలో కంప్యూటర్ ఉద్యోగాలవాళ్ల దగ్గరికి వెళ్తే, బొమ్మలు వేస్తే ఒత్తిడి ఎంత శాతం తగ్గుతుందని అడిగారు. పోనీ మా అపార్ట్‌మెంట్ పిల్లలకి చెబుదామంటే, ఆదివారం తెల్లారకుండానే వాళ్లని కోచింగ్ బస్సులు ఎత్తుకుపోతాయి. ఇక ఆదివారం ఖాళీగా దొరికేది ఎవరయ్యా అంటే, పెళ్లాలు వంటింట్లోంచి తరిమేసిన ఈ రిటైరైన బాపతు.

నాకు కావలసింది ఒక్కటే. ఎవడో ఒకడు, ఎంత మొండివాడైనా సరే, తన కళ్లతో చూసినదాన్ని తన చేత్తో ఒక్క గీత గియ్యాలి. పుస్తకంలోది కాదు, టేపుతో కొలిచింది కాదు. అది నేను చూడాలి. మా ఇంట్లో రెండు గదులు. ఒకదాంట్లో మంచం, రెండోదాంట్లో మా ఆవిడ. అందుకని అపార్ట్‌మెంట్ మీటింగ్ హాలు కావాలి. హాలు పోతే నా బడి పోయినట్టే. ఆ హాలు తాళంచెవి సెక్రటరీ మొలతాడుకి ఉండేది.

సెక్రటరీది గోదావరి పక్క. మాట మాటకీ 'అండి' తగిలిస్తాడు. మా ఉత్తరాంధ్రలో తిడితే తిట్టినట్టు తెలుస్తుంది. ఆయన తిట్టు మాత్రం ఇంటికెళ్లి అన్నం తింటూండగా తెలుస్తుంది. ఫ్యాక్టరీలో ఆయన పని ఇన్‌స్పెక్షన్. తయారైన కడ్డీలని చూడటం, తప్పు దొరికినదాని మీద రంగుతో ఇంటూ కొట్టడం. అలా కొట్టీ కొట్టీ రిటైరై వచ్చి, ఇక కొట్టడానికేమీ లేక మా అపార్ట్‌మెంట్ మీద పడ్డాడు.

"ఏవండీ ఆర్టిస్టుగారూ, అద్దెకున్నవాళ్లకి హాలివ్వాలని రూల్సులో ఎక్కడుందండీ?" అన్నాడు మొదటిసారి వెళ్లినప్పుడు.

"ఇవ్వకూడదని మాత్రం ఎక్కడుందండి?" అన్నాను.

లోపలినుంచి ఆయన భార్య, "ఇచ్చెయ్యండి, ఆదివారం పూటన్నా మీరూ అక్కడే కూర్చోవచ్చు" అంది. ఆ 'అక్కడే' అన్నచోట ఆవిడ గొంతులో ఎంత ఆశ ఉందో నాకు వినబడింది. హాలు దొరికింది. హాలుతో పాటు సెక్రటరీ కూడా దొరికాడు.

ఆయన పెన్సిలు పట్టుకునేవాడు కాదు. ఎర్ర బాల్‌పెన్ను పట్టుకుని కుర్చీల మధ్య తిరిగేవాడు. నేను ఒకడి పక్కన కూర్చుని, "కొలవకండి, చూడండి. బిందె మూతి కింద నీడ ఎలా జారుతోందో చూడండి" అని బతిమాలుతుంటే, వెనకనించి చెయ్యి చాపి ఆ కాగితం మీద ఇంటూ పెట్టేసేవాడు. "మూతి ఎడంపక్క లావైందండి. రిజెక్టండి."

ఒకరోజు నాకు మండింది. "సెక్రటరీగారూ, అందరివీ కొట్టేస్తన్నారు కదా, మీరూ ఒకటి వెయ్యొచ్చు కదేటి?"

"నేను వెయ్యనండి. చూస్తానండి. చూసేవాడొకడుండాలి కదండి."

"ఏటి సూత్తారు?"

"తప్పులండి."

ఆ ఇంటూకి భయపడి మిగతావాళ్లు ఇంకా గట్టిగా టేపులు పట్టుకున్నారు. వంకాయ తొడిమకి కూడా కొలత రాసి బాణం గుర్తులు పెట్టారు. భయపడ్డ చేత్తో బొమ్మ రాదు. ఈ ముక్క ఆయనకి తెలుసని, తెలిసే కొడుతున్నాడని నా అనుమానం.

భయపడనివాడు ఒక్కడే ఉన్నాడు, క్రేన్ ఆపరేటరు. శ్రీకాకుళం పక్క పల్లెటూరివాడు, నన్ను బావా అని పిలిచేవాడు. వావీ వరసా ఏమీ లేదు, మా పక్క మగాళ్లందరం ఒకరికొకరం బావలమే. బద్ధకస్తుడు, నోటిదూలగాడు. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను గదిలో కూర్చుని ఉద్యోగమంతా కిందకి చూస్తూ గడిపాడు. ఆయన బొమ్మ చూసి మొదటిరోజు నేను తల పట్టుకున్నాను. కాగితం నిండా ఒక పెద్ద సున్నా, దాన్లో ఇంకో సున్నా, పక్కన రెండు చిన్న సున్నాలు.

"ఏటిది?"

"బిందె బావా. ఇయి వంకాయలు."

"బిందెని పైనించి సూసావేటి? స్టూలు ఎదురుగా కదా కూకున్నావు!"

"పైనించి కాకపోతే ఎలా సూత్తారు బావా? పక్కనించి సూత్తే ఏదీ ఎక్కడుందో తెలీదు. ఒకదాని ఎనకాల ఒకటి దాక్కుంటాది."

ఎన్ని వారాలు చెప్పినా అంతే. కుర్చీ వెయ్యమంటే నలుచదరం వేస్తాడు. గొడుగు వెయ్యమంటే బండిచక్రం వేస్తాడు. మనిషిని వెయ్యమంటే తలకాయ, రెండు భుజాలు, ముందుకి పొడుచుకొచ్చిన ముక్కు కొన. అంతే. నేను తిట్టేవాణ్ణి, ఆయన నవ్వేవాడు, సెక్రటరీ ఇంటూ కొట్టేవాడు. ఈయన బొమ్మ మీద మాత్రం రెండు ఇంటూలు కొట్టేవాడు, ఎందుకంటే వీళ్లిద్దరికీ పార్కింగ్ దగ్గర పాత గొడవ. సెక్రటరీ కారు పెట్టుకునే చోట ఈయన స్కూటరు పెట్టాడని ఒక సాయంత్రం ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లారు. అపార్ట్‌మెంటంతా బాల్కనీల్లో నిలబడి చూసింది. నేనూ చూశాను. అబద్ధమెందుకు, పల్లీలు తింటూ చూశాను.

వానాకాలం వచ్చేసరికి సెక్రటరీ మమ్మల్ని హాల్లోంచి లేపే పని మొదలుపెట్టాడు. ముందు హాల్లో ఫ్యాను రిపేరుకని తీయించాడు. విశాఖ ఉక్కపోత సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాగితాల మీద బొమ్మలకంటే చెమట బొట్లే ఎక్కువ. తర్వాత కుర్చీలకి రంగు వేయిస్తామని పట్టుకుపోయారు. వినాయకుడి పందిరి చెక్కలు పరుచుకుని కూర్చున్నాం. ఆఖరికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టాడు. హాలు లెక్కల కోచింగ్‌వాళ్లు అడుగుతున్నారని, బొమ్మల క్లాసు వల్ల ఎవరికైనా ఏమైనా వచ్చిందో లేదో జనరల్ బాడీ రోజున తేలుద్దామని. పరీక్ష కూడా ఆయనే పెట్టాడు. మన అపార్ట్‌మెంట్లో కనబడే ఏదో ఒకటి తలొకరూ వెయ్యాలి. పేరు రాయకూడదు, కొలతలు రాయకూడదు, వేసినవాళ్లు నోరెత్తకూడదు. గోడకి అంటిస్తారు. ఒక్కటంటే ఒక్క బొమ్మని జనం ఇదీ అని గుర్తుపట్టినా క్లాసు ఉంటుంది. పట్టకపోతే హాలు కోచింగ్‌వాళ్లది.

'ఒక్కటంటే ఒక్క' అని రాయడంలో ఎంత పొగరుందో చూశారా?

మా ఆవిడ ఫోన్లో అది చదివి, "ఒక్కటి కూడా పట్టరని దైర్నెంగా రాసీసినాడు సూడు. నీ సిస్యులు మరి అలాటోలు" అంది.

"నాను నేర్పినోల్లు."

"అదే భయం."

జనరల్ బాడీ రోజు హాలు నిండిపోయింది. పాలకవర్గం ఎన్నికకి కూడా రానివాళ్లు నా తద్దినం చూడ్డానికి వచ్చారు. ఆరు బొమ్మలు గోడకి అంటించారు. సెక్రటరీ ఎర్ర పెన్ను పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మొదటిది నీళ్ల మోటారు. టేపు ఆయన వేశాడు.

మూడో అంతస్తు ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "మేకా?" అంది.

"మోటారమ్మా! ఐదు హెచ్‌పీ..." అని టేపు ఆయన లేవబోయాడు.

"నోరెత్తకూడదండి" అన్నాడు సెక్రటరీ, ఇంటూ కొడుతూ.

రెండోది డాబా మీద నీళ్ల ట్యాంకు, నిలువుగా కోసి లోపల చూపించిన బొమ్మ. జనం ఇడ్లీ పాత్ర అన్నారు. మూడోది లిఫ్టు. బీరువా అన్నారు, ఇంకొకరు శవపేటిక అన్నారు. నాలుగోది, ఐదోది చెప్పను, పాపం వాళ్లు ఇంకా అదే అపార్ట్‌మెంట్లో బతకాలి. ప్రతి ఇంటూకీ ముందు సెక్రటరీ నావైపు చూసి, మర్యాదగా తల వంచి, అప్పుడు కొట్టేవాడు. నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. పక్కనున్నాయన కళ్లద్దాలకి ఆవిరి పట్టిందంటే నమ్మండి.

ఆఖరిది క్రేన్ ఆపరేటరుది. మధ్యలో ఒక గుండ్రం, దాని మీద అడ్డంగా నాలుగు గీతలు, తూముకి వేసే జాలీలాగా. ఆ గుండ్రంలోంచి ఒక చెయ్యి ముందుకి చాచి ఉంది, చూపుడు వేలితో సహా. ఎదురుగా ఇంకో పెద్ద గుండ్రం, దానికి తలకంటే ముందుకొచ్చిన పొట్ట. ఇద్దరి మధ్యా కోలగా ఏదో వస్తువు, దానికి రెండు కొమ్ములు. ఒక మూల తువ్వాలు చుట్టిన తల.

జనం తలలు అటూ ఇటూ వంచి చూశారు. సెక్రటరీ పెన్ను మూత తీశాడు. నేను మనసులోనే హాలుకి దణ్ణం పెట్టేశాను.

అంతలో ముందు వరసలోంచి సెక్రటరీ భార్య లేచింది. గోడ దగ్గరికెళ్లి, ఆ నాలుగు గీతల మీద వేలు పెట్టింది.

"అయ్యో, ఇది మీరేనండీ! ఈ గుండ్రం నేను రోజూ నూనె రాసేదేనండీ! ఈ చెవి మీంచి ఆ చెవికి దువ్వేవి ఈ నాలుగేనండీ!"

హాలు నవ్వుతో పేలిపోయింది.

"స్కూటరు గొడవ!" అని ఒకడు అరిచాడు. "ఇదిగో స్కూటరు, ఇవి హ్యాండిళ్లు! ఆ పొట్ట క్రేను ఆయనదే!"

"ఇడుగో వాచ్‌మేనూ!"

"ఆవేళ నేను బట్టలు ఆరేత్తా సూసినాను. అచ్చం ఇలాగే అవుపించినారు" అంది మేక ఆవిడ.

అప్పుడర్థమైంది నాకు. ఆ గొడవని ఈ జనమంతా చూసింది బాల్కనీల్లోంచే. వాళ్లకి తెలిసిన సెక్రటరీ, వాళ్లకి గుర్తున్న సెక్రటరీ, ఆ బట్టతల సెక్రటరీయే. ఎదురుగా కూర్చుని మొహం వేసి ఉంటే ఇంత గట్టిగా పట్టేవాళ్లు కాదు.

ఆపరేటరు చెవిలో, "ఒరే బావా, గొడవలో నువ్వు కింద కదా ఉన్నావు, పైనించి ఎలాగ ఏసినావు?" అన్నాను.

"ఉంటే ఏటి? నాను ఎక్కడున్నా పైనే ఉంటాను."

అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. కడుపు పట్టుకుని, పందిరి చెక్కల మీద కూలబడి నవ్వాను. సెక్రటరీ పెన్ను ఆ బొమ్మ మీదకి ఎత్తాడు. ఎత్తి అలాగే ఉంచాడు. రూలు ఆయనదే. ఆయన మెడ వెనక వరకూ ఎర్రబడటం నేను చూశాను.

"గుర్తుపట్టారండి. పాసండి" అన్నాడు. మీటింగు ముగించకుండానే వెళ్లిపోయాడు. ఆయన భార్య కూడా నవ్వడం మానేసి వెనకాల వెళ్లింది.

ఆ రాత్రి మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మడిసి మొహం సూసినావేటి? హాలు నెగ్గినావు సరే. అంత ఇదిగా నవ్వాలేటి?" అంది.

"నా పిల్లల బొమ్మల మీద ఇంటూలు కొట్టలేదేటి?"

"పిల్లలంట! ఒక్కొక్కడికీ అరవై దాటినాయి."

వారమంతా యుద్ధమే. హాల్లో నీళ్ల రంగులు వాడరాదని ఒక నోటీసు. హాల్లో గట్టిగా నవ్వరాదని ఇంకొకటి. నేను ఊరుకుంటానా? లిఫ్టులో ఆయన ఉంటే కావాలని ఎక్కి, ఆయన తలకేసి చూస్తూ పైదాకా వెళ్లేవాణ్ణి. నాది మొదటి అంతస్తు. ఆయనది ఐదు.

ఆదివారం నేను వెళ్లేసరికి హాలు తలుపు తీసి ఉంది. కుర్చీలొచ్చాయి. ఫ్యాను మాత్రం రాలేదు. సెక్రటరీ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. నేను స్టూలు మీద బిందె పెట్టబోతే, "బిందె అక్కర్లేదండి. మీరు కూర్చోండి" అన్నాడు.

"ఏటి?"

"కూర్చోండీ అన్నానండి. స్టూలు మీద."

కూర్చున్నాను. నన్నేదో చేస్తాడనుకున్నాను. ఆయన నా కట్టలోంచి ఒక కాగితం లాక్కుని, ఎవరి పెన్సిలో తీసుకుని, నాకేసి చూడటం మొదలుపెట్టాడు. ఉద్యోగమంతా కడ్డీల్ని చూసిన చూపు. నుదుటి దగ్గర మొదలై కిందకి దిగుతోంది, పగులు ఎక్కడుందా అని. ఒకసారి చూస్తాడు, ఒక గీత. మళ్లీ చూస్తాడు, ఇంకో గీత. టేపు లేదు, మధ్యగీత లేదు, తుడిచింది లేదు. పళ్లు బిగించి, పెన్సిలు విరుగుతుందేమో అన్నంత కోపంతో వేస్తున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి ఆయన వెనక నిలబడ్డారు. నా మెడ మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

చాలాసేపటికి క్రేన్ ఆపరేటరు గొంతు వినబడింది. "ఓలమ్మో! బావా, అచ్చం నువ్వే!"

వెళ్లి చూశాను. మాట్లాడబోతున్నట్టు కొంచెం తెరుచుకున్న నోరు. ఒక కన్ను చిన్నది, ఎదటివాడు నమ్ముతున్నాడో లేదో అని కనిపెడుతోంది. గడ్డం పైకి ఎత్తి ఉంది, ఏమీ లేనివాడు అంతా ఉన్నట్టు ఎత్తుకునే గడ్డం. ఎత్తిన ఆ గడ్డం కింద చర్మం మాత్రం జారిపోయింది. గీతలు మోటుగా ఉన్నాయి. ఒక చెవి పూర్తికాలేదు. కానీ అది నేనే. ఇన్నాళ్లూ నేను అద్దంలో చూసుకుంటున్నవాడు వేరే ఎవడో.

ఒళ్లు మండిపోయింది. "దవడ తప్పు" అన్నాను.

"ఎక్కడండీ? చూపించండి."

పెన్సిలు తీసుకున్నాను, దిద్దుదామని. దవడ దగ్గర కొన ఆనించాను. ఎటు జరిపినా బొమ్మ చెడుతుంది. బోర్డులు రాసిన చెయ్యి, దానికి ఆ మాత్రం తెలుసు. చూస్తున్నారందరూ. సెక్రటరీ అయితే నా చేతిని చూస్తున్నాడు, కడ్డీని చూసినట్టే. పెన్సిలు తీసేశాను.

"ఇంకోటెయ్యండి" అన్నాను.

"మీరు చెప్పారని కాదండి" అన్నాడు ఆయన. కొత్త కాగితం తీసుకుని, కుర్చీ చప్పుడయ్యేలా తిప్పి, క్రేన్ ఆపరేటరు ఎదురుగా వేసుకున్నాడు. "మీరు కదలకండి. మీ సంగతి కూడా తేలుస్తానండి."